నీళ్ళు చల్లారేదాకా

మా అమ్మాయి బడి నుంచి వచ్చి సంచి దించకముందే చెప్పింది, తన దోస్తు ఇక బడికి రాదని. జ్వరమా అని అడిగాను. జ్వరం కాదట. వాళ్ళ అవ్వ మధ్యాహ్నం బడికి వచ్చి, టీచరుతో గట్టిగా మాట్లాడి, పిల్లను చెయ్యి పట్టుకొని తీసుకుపోయిందట. పూనా పంపిస్తుందట. ఇంత చెప్పి, కాళ్ళు కడుక్కోకుండానే గోడకు ఆనుకొని కూర్చుంది.

నేను ముందు దాని కంటి కింది రెప్ప లాగి చూశాను. పోయిన వానాకాలం నుంచి పట్టుకున్న అలవాటు ఇది. అప్పుడు దానికి కామెర్లు వచ్చాయి. ఊళ్ళో నల్లా పైపు ఎక్కడో పగిలి మురికి కలిసిందన్నారు. వనపర్తి దవాఖానలో, సెలైను సూది పెట్టిన దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నప్పుడు, ఆ కళ్ళలో తెలుపు తిరిగి తెల్లగా కనిపిస్తే చాలనుకున్నాను. కనిపించింది. కానీ భయం మాత్రం మాతోపాటే బస్సెక్కి ఇంటికి వచ్చింది. అప్పటినుంచి దానికి కాచి చల్లార్చిన నీళ్ళే. ఒక స్టీలు సీసా కొనిచ్చి గట్టిగా చెప్పాను: ఎవరి సీసాకూ మూతి పెట్టొద్దు, నీ సీసాలో ఎవరైనా తాగితే ఎత్తి పోసుకొని తాగమను, ఎంగిలి చెయ్యనీకు.

చెప్పినమాట వినే పిల్ల నాది. అన్నీ విన్నది.

ఆ దోస్తుది మా ఊరి చివర కాలనీ. తల్లిదండ్రులు పూనాలో బిల్డింగు పనికి పోయారు. పని జరిగే చోట రేకుల గుడిసెలు తప్ప బడి ఉండదని, పిల్లను అవ్వ దగ్గర వదిలారు. ఒకటో తరగతిలో చేరిన రోజు నుంచి ఇద్దరూ ఒక్కచోటే. మా అమ్మాయి ఇంట్లో చెప్పే కథలన్నిటిలో ఆ పిల్ల ఉండేది. ఆ పిల్లకు ఈల వేయడం వస్తుంది, ఆ పిల్ల వాళ్ళ కోడిపెట్టకు గడ్డం కింద గోకితే అది నిద్రపోతుంది, ఆ పిల్ల తప్పు రాసినా టీచరు కొట్టదు. ఇప్పుడు పూనాకు పోతే ఆ పిల్ల పలక పట్టుకోదు. ఇసుక కుప్పల పక్కన తమ్ముణ్ణి ఎత్తుకొని తిరుగుతుంది. మా ఊరి నుంచి పోయిన పిల్లలు చాలామంది అలాగే తిరిగారు.

టీచరుకు ఫోన్ చేశాను. ఆమె జరిగింది చెప్పింది. మా అమ్మాయి తన దోస్తుకు సీసా ఎత్తి తాగడం నేర్పిందట. ఆ పిల్ల ఇంటికి పోయి గ్లాసుతో అదే సాధన చేస్తూ గౌను తడుపుకుంటుంటే అవ్వ చూసింది. ఎవరు నేర్పారంటే, ఎంగిలి చెయ్యొద్దంట, దోస్తు వాళ్ళమ్మ చెప్పిందంట అన్నది. మర్నాడు మధ్యాహ్నం అవ్వ బడికి వచ్చింది. వచ్చి, వంట చేసేవాళ్ళూ పిల్లలూ వింటుండగా ఒక మాట అన్నదట.

"మా పిల్ల చదువనీకి వచ్చింది గని, ఎత్తి తాగుడు నేర్వనీకి రాలే."

వచ్చే వారం కూలీల గుంపు ఒకటి పెబ్బేరు దగ్గర హైవే మీద బస్సెక్కుతుంది. పిల్లను వాళ్ళతో పంపిస్తానని చెప్పి పోయింది.

నేను గద్వాలలో డిగ్రీ చదివాను. సూక్ష్మజీవుల పాఠాలే నా చదువు. కామెర్లు ఎట్లా వస్తాయో పరీక్షలో పేజీలు నింపాను. కానీ ఎత్తి తాగమనడం మా పల్లెల్లో నా పాఠాల కంటే చాలా ముందే ఉంది. నేను జబ్బు గురించి చెప్పిన మాట, ఊరంతా దాటి ఆ కాలనీకి చేరేసరికి ఏ మాటగా వినిపించి ఉంటుందో అప్పుడు తెలిసింది.

మా అత్తమ్మ పల్లికాయ చెరుగుతూ అంతా విని, తల ఎత్తకుండానే అన్నది. "మనమేమన్న తిట్టినమా, కొట్టినమా? పిల్లలు పిల్లలు ఏదో అనుకున్నరు. నువ్వు పోయినవంటే పెద్ద పంచాయితి అయితది. నీకు ప్రతిదానికి పరేషానే." మా ఆయన నాగర్‌కర్నూల్‌లో ఆఫీసు ముగించుకొని వచ్చి, టీచరు చూసుకుంటుందిలే అన్నాడు. ఇద్దరి మాటా నాకు నచ్చకపోలేదు. పోకుండా ఉండడానికి కారణాలు దొరికితే నాలాంటి భయస్థురాలికి అంతకంటే ఏం కావాలి.

మా అమ్మాయి మాత్రం అన్నం ముందు కూర్చొని అడిగింది. "నేను మంచిగనే చెప్పిన గదమ్మా? కోపంగ చెప్పలే. మా అమ్మ చెప్పిందని చెప్పిన."

దానికి జవాబు చెప్పాలంటే ఆ ఇంటికి పోక తప్పదు.

ఆదివారం కాలనీ మైకులో ప్రార్థన ముగిసి, పాటలు ఆగిపోయాక మా అమ్మాయిని తీసుకొని బయల్దేరాను. గడప దగ్గర స్టీలు సీసా చేతికి తీసుకున్నాను. తీసుకొని మళ్ళీ అలమారలో పెట్టేశాను. ఆ ఇంటికి మా నీళ్ళు మోసుకొని పోతే, ఇక నోరు తెరిచి మాట్లాడడానికి ఏం మిగులుతుంది.

అవ్వ వాకిట్లో సంచి పరుచుకొని పల్లికాయ ఒలుస్తున్నది. వచ్చే పంట విత్తనానికట. తలుపు మీద తెల్ల రంగుతో శిలువ గీసి ఉంది, లోపల గోడకు ఏసు బొమ్మ క్యాలెండరు. నన్ను చూసి లేవలేదు. "ఏందమ్మా, గింత దూరం వస్తిరి" అన్నది. ఆ 'అమ్మా'లో, ఆ 'రి'లో మర్యాద ఉంది, తలుపు వేసిన చప్పుడూ ఉంది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక నాలుగు కాయలు తీసుకొని ఒలవడం మొదలుపెట్టాను. ఆమె నా చేతుల వైపు చూసి, పప్పు పగలగొడ్తున్నవు, మొలకెత్తదు, ఊకె కూసో అన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

పిల్లలకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. లోపలినుంచి ఆ పిల్ల వచ్చింది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇంటి వెనక కోడిపెట్ట వైపు పరుగెత్తారు. ఈల వినిపించింది. నేను ఇంటి నుంచి కూర్చుకొని వచ్చిన మాటలన్నీ వరుస తప్పిపోయాయి. జబ్బు అని మొదలుపెట్టాలా, తప్పయిందని మొదలుపెట్టాలా తేలలేదు.

అంతలో మా అమ్మాయి చెమటలు కారుస్తూ వచ్చింది. నావైపు రాలేదు. నేరుగా ఆమె ముందు నిలబడింది.

"అవ్వా, దూపైతుంది. నీళ్ళియ్యి."

ఒలిచే చేతులు ఆగాయి. అవ్వ పిల్లను చూడలేదు, నన్ను చూసింది. ఏం చేస్తావో చూస్తాను అన్నట్టు చూసింది.

గడప పక్కనే నీలం రంగు డ్రమ్ము, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో గ్లాసు. మా ఇంటికి వచ్చే నల్లానే ఈ కాలనీకీ. ఆ పైపే. దవాఖానలో ఆ పచ్చటి కళ్ళు నాకు కనబడ్డాయి. ఈ గ్లాసు నీళ్ళు తాగమంటే నా పిల్ల మళ్ళీ ఆ మంచం మీద పడుకోవచ్చు. వద్దంటే, ఇంకో పిల్ల బస్సెక్కిపోతుంది, ఎందుకు ఎక్కిందో ఈ ఊరు ఎప్పటికీ చెప్పుకుంటుంది. రెండూ నిజమే. డ్రమ్ము వైపు, పిల్ల వైపు చూశాను. లోపలి భయం నా ముఖమే చెప్పి ఉంటుంది.

అవ్వ లేచింది. కొంగు దులుపుకొని లోపలికి పోయింది. అయిపోయింది, ఇక బయటికి రాదు అనుకున్నాను. ఆమె వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె. డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి, వాకిట్లో కట్టెల పొయ్యి మీద పెట్టింది. మనవరాలిని కేకేసి నాలుగు పత్తికట్టెలు తెమ్మన్నది. మంట అంటుకున్నాక మా అమ్మాయి గడ్డం పట్టుకొని చెప్పింది.

"కాగనియ్యి బిడ్డా. నీకు పోయినసారి కామెర్లైనయి గద. జర ఓర్చుకో."

ఆమెకు తెలుసు. ఊళ్ళో ఎవరి పిల్ల దవాఖానలో ఉందో అందరికీ తెలుస్తుంది. కానీ ఆ క్షణంలో ఆమె దాన్ని గుర్తుపెట్టుకుంటుందని నేను అనుకోలేదు. నన్ను పరీక్షకు నిలబెట్టి, నేను జవాబు రాయకముందే ఆ ప్రశ్నను ఆమే చెరిపేసింది. ఏ కోపం ముందు తలవంచుకొని కూర్చున్నానో ఆ కోపం తగ్గలేదు. ముఖం అలాగే ఉంది. కోపంతోనే నా బిడ్డకు నీళ్ళు కాస్తున్నది. నేను పొయ్యిని కాదు, ఆమెను చూస్తూ కూర్చున్నాను. మనిషి లోపల ఇంత చోటు ఉంటుందా అనిపించింది.

నీళ్ళు కాగడానికి, కాగినవి చల్లారడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ మేం మాట్లాడుకున్నాం. మొదలుపెట్టింది ఆమే.

చిన్నప్పుడు కలుపుకు, కోతకు వచ్చేదట. ఎండలో పని చేసి నీళ్ళకు పోతే దోసిలి పట్టమనేవారు. పైనుంచి చెంబుతో పోసేవారు. నోట్లోకి పోయేది తక్కువ, మోచేతుల మీదుగా రవికలోకి పోయేది ఎక్కువ. "ఇంక జర పొయ్యుండ్రి అనాలంటె తలకాయ ఎత్తాలె. తలకాయ ఎత్తితే నీళ్ళు ముక్కులకు పోతయి. అందుకని దూప తీరకున్నా ఊకుంటుంటి" అన్నది. మొన్న మనవరాలు గ్లాసు ఎత్తి గౌను తడుపుకుంటుంటే తన మోచేతులు తడిసినట్టయిందట. చెబుతూ నిజంగానే మోచెయ్యి తుడుచుకుంది.

ఎవరింట్లో అని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో.

"మీ ఇంట్లనే. పోసింది మీ అత్తనే. అప్పుడు కొత్త కోడలు, మీ అత్తకు అత్త చెప్పినట్టు చేసేది. పైకెత్తి పోసుడు ఆమెకు గూడ చాతకాకపోయేది, చెయ్యి వణికేది. నా మీద కంటే ఆమె చీర మీదనే ఎక్కువ పడ్తుండె." ఒక్క క్షణం నవ్వింది. "ఇద్దరం తడిసేటోళ్ళం."

అప్పుడు నేను నా మాట చెప్పాను. వరుస తప్పింది తప్పినట్టే చెప్పాను. కామెర్లు, దవాఖాన, భయం, సీసా. ఆమె నా మాటను ఊరికే ఒప్పుకోలేదు. ఒక్కొక్కటే అడిగింది. ఆ కామెర్ల పురుగు యాడుంటది? నీళ్ళలో, కడుక్కోని చేతుల మీద. మూతి తాకితే వస్తదా? అంత తేలిగ్గా రాదు, నేను భయానికి చెప్పాను. కాగబెడితే చస్తదా? బాగా మరిగితే చస్తుంది. నువ్వు దాన్ని చూసినవా?

చూడలేదన్నాను. మా కాలేజీలో ఉన్న మైక్రోస్కోపుకు అది కనబడదు. పుస్తకంలో చదివాను.

"చూడకుండనే నమ్మినవు."

"నమ్మిన అవ్వా."

"మేం గూడ గట్లనే" అని గోడ మీది ఏసు బొమ్మ వైపు గడ్డం ఎత్తి చూపింది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె ఇంకోటి అడిగింది. ఆ ప్రశ్నను ఆ రోజు నుంచి మోస్తూనే ఉన్నాను.

"మా నుంచి నీ పిల్లకు వస్తదని భయపడితివి. బాగనే ఉన్నది. గని జబ్బు వచ్చింది నీ పిల్లకు. గా జబ్బు వచ్చే ముందు దాంక మా పిల్ల, మీ పిల్ల ఒక్క పళ్ళెంల తిన్నరు. మీ నుంచి మాకు వస్తది, చేతులు కడుక్కోండ్రి, నీళ్ళు కాగబెట్టుకోండ్రి అని నాకెవరన్న వచ్చి చెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఆ చదువు చదివింది నేనొక్కదాన్నే. నాకు తెలిసిందంతా ఒక స్టీలు సీసాలో పోసి మూత బిగించి నా పిల్ల చేతికిచ్చాను. ఆమె నన్ను నిందించడానికి అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది, అందుకే తప్పించుకునే దారి దొరకలేదు. చెప్పలేదవ్వా అన్నాను.

నీళ్ళు మరిగాయి. ఆమె గిన్నె దించి, ఇంకో గిన్నె తెచ్చి, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి చెయ్యెత్తి తిరగబోసింది. పొగలు కక్కే తాడులా నీళ్ళు కిందికి దిగుతుంటే పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకొని చూశారు. చివరికి వేలు ముంచి చూసి గ్లాసులో పోసింది. మా అమ్మాయి అలవాటుగా గ్లాసు తలపైకి ఎత్తింది.

"మూతి పెట్టి తాగమ్మా" అన్నాను.

నావైపు అనుమానంగా చూసి తాగింది. తరువాత ఆ పిల్ల తాగింది. తరువాత నేను తాగాను. పొగ వాసన ఉన్న గోరువెచ్చని నీళ్ళు. దూపేమీ తీరలేదు, ఇంకా కావాలనిపించింది.

రేపు పిల్లను బడికి పంపిస్తావా అని అడిగే ధైర్యం లేచేముందు వచ్చింది. ఆమె పల్లికాయ ముందు మళ్ళీ కూర్చుంది. "నువ్వు నాకు చెప్పిన ముచ్చట బడిల పిల్లలందరికి చెప్పు. నేను వచ్చి వింట. విన్నంక చూస్త" అన్నది.

పదిమంది ముందు ఎప్పుడూ మాట్లాడనిదాన్ని, సరేనని టీచరుకు ఫోన్ చేశాను. సోమవారం ప్రార్థన అయ్యాక టీచరు తరగతులన్నిటినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. అవ్వ తలకు తువ్వాల చుట్టుకొని, పొలానికి పోయే వేషంలోనే గుమ్మం దగ్గర నిలబడింది. ఆ పిల్ల సంచి అవ్వ భుజానికే ఉంది. నేను చేతులు కడుక్కోవడం గురించి, నీళ్ళు కాచుకోవడం గురించి చెప్పాను. కామెర్లు ఎవరి నుంచి ఎవరికైనా వస్తాయని, మొదట నా కూతురికే వచ్చాయని చెప్పాను. మా అమ్మాయి గర్వంగా అటూ ఇటూ చూసింది.

అక్కడితో అయిపోయేది. టీచరు అవ్వను కూడా నీ ముచ్చట చెప్పమన్నది. అవ్వ వద్దన్నది, తువ్వాల సర్దుకున్నది, తరువాత ఉన్నచోటనే నిలబడి, దోసిలి పట్టి చూపించి, నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళని రెండు ముక్కల్లో చెప్పింది. ఎవరింట్లోనో చెప్పలేదు.

రెండో తరగతి పిల్లాడు ఒకడు లేచాడు. "అవ్వా, నీ చేతులు సబ్బుతోటి కడుక్కోకుంటివా?"

కడుక్కున్న నాయినా అన్నది.

"మరి గ్లాసులు తక్కువున్నయేమో" అన్నది ఒక అమ్మాయి. పోసేటామె బాగా పొడుగుండెనేమో అని ఇంకొకరు. అవ్వకు కామెర్లు అయినయేమో అని మా అమ్మాయి. ఇప్పుడే విన్న పాఠాన్ని పట్టుకొని వాళ్ళు ఒక్కో కారణం వెతుకుతున్నారు. ఒక్కటీ సరిపోవడం లేదు. టీచరు వాళ్ళను వెతకనిచ్చింది. వెనక వరసలో ఐదో తరగతి పిల్ల ఒకతె తల దించుకొని, "కులం ఉంటది గద, అందుకు" అన్నది. అది కాలనీ పిల్లో, ఊరి పిల్లో నాకు తెలియదు. చిన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. "గట్లయితే కులానికి నీళ్ళెందుకు పైనుంచి పోస్తరు?" అన్నాడు ఆ రెండో తరగతి వాడు. వాడికి నిజంగా అర్థం కాలేదు.

నాకు వాడి వయసున్నప్పుడు ఆ ప్రశ్న రాలేదు. మా ఊళ్ళో అవన్నీ ఎండ లాగా, వాన లాగా ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. ఇక్కడ ఒక పెంకుల గదిలో, చీమిడి ముక్కులతో కూర్చున్న పిల్లలకు అది లెక్క తప్పినట్టు కనబడుతున్నది. పెద్దయ్యాక వాళ్ళకూ అర్థమైపోతుందేమో, అర్థమై అడగడం మానేస్తారేమో అనే భయం నాకుంది. అయినా ఆ పూట వాళ్ళు అడిగారు. అవ్వ గుమ్మానికి ఆనుకొని, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"నాక్కూడా తెల్వదురా అయ్యా. మీరు చదువుకొని చెప్పుండ్రి" అన్నది. భుజం మీది సంచి తీసి మనవరాలికి ఇచ్చింది.

బయటికి వచ్చి నాతో చెప్పింది, పల్లికాయ పీకుడు ఉంది, పొద్దుగూకేదాకా రాలేను, బడి విడిచినంక పిల్ల మీ ఇంట్ల ఉంటదా అని. ఉంటుందన్నాను. పూనా గుంపు ఆ వారమే పోయింది. ఆ పిల్ల పోలేదు.

ఆ సాయంత్రం ఇద్దరు పిల్లల్ని ఇంటికి తెచ్చాను. మా అత్తమ్మ ఎవరి పిల్ల అని అడిగింది. చెప్పాను. ఆమె లేచి వాకిట్లోకి పోయింది. చీకటి పడే వేళకు అవ్వ వచ్చి గేటు బయట నిలబడింది. అత్తమ్మ వాకిట్లోనే ఉంది. ఇద్దరూ ఎన్నేళ్ళ నుంచో ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు.

"కాయ మంచిగున్నదా ఈసారి?" అని అత్తమ్మ అడిగింది.

"యాడ మంచిగుంటది, తాలు ఎక్కువున్నది" అన్నది అవ్వ.

అత్తమ్మ లోపలికి రమ్మనలేదు. అవ్వ రాలేదు. కానీ అత్తమ్మే మెట్టు దిగి, గేటు తీసి బయటికి పోయింది. పిల్లలు లెక్కలు చేస్తుంటే నేను లోపలే ఉండిపోయాను. బయట రెండు గొంతులు తాలు గింజల గురించి, అడవి పందుల గురించి, ధర గురించి, చాలాసేపు వినిపిస్తూనే ఉన్నాయి.